పాత బజారు వీధిలో మిశ్రమ వినియోగ కట్టడం వస్తుందంటే: ప్రతిపాదనను చదివే తీరు, అభ్యంతరం రాసే తీరు

తిరుచానూరు గుడి వీధుల్లోనో, చంద్రగిరి బజారులోనో, తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోనో నాలుగైదు పాత మిద్దెలను పడగొట్టి, ఆ స్థలాలన్నీ కలిపి, కింద అంగళ్లు, మధ్యలో లాడ్జి గదులు లేదా ఆఫీసులు, పైన ఫ్లాట్లు ఉండే ఒకే పెద్ద కట్టడం కడతారన్న మాట బయటికి వచ్చిన రోజు వీధి అంతా ఒక రంగుల బొమ్మ చుట్టూ చేరుతుంది. ఆ బొమ్మలో ఆకాశం నీలంగా ఉంటుంది, చెట్లు ఏపుగా ఉంటాయి, వీధిలో ఒక్క ఆటో కూడా కనిపించదు. మీ అంగడి ఆ కట్టడంలో ఎక్కడ ఉంటుందో, వీధి ఎంత వెడల్పు మిగులుతుందో, ఉత్సవం ఎటు నుంచి వెళ్తుందో ఆ బొమ్మ చెప్పదు. వాటిని చెప్పే కాగితాలు వేరే ఉన్నాయి. వాటిని తెప్పించుకోవడం, చదవడం, చదివినదాన్ని బట్టి గడువులోగా రాతపూర్వకంగా మాట్లాడడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ముఖ్యంగా బాడుగ అంగడిదారుల కోసం, చిన్న మిద్దెల సొంతదారుల కోసం, వీధి పక్కన బండి పెట్టుకొని బతికేవారి కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను కొత్త కట్టడాలకు వ్యతిరేకిని కాను. కింద వ్యాపారం, పైన కాపురం అన్న పద్ధతి మన పాత బజార్లకు కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన తరువాత గుడి చుట్టూ పెరిగిన ఊరు మొదటి నుంచీ ఆ పద్ధతిలోనే బతికింది. వీధి వైపు అంగడి, దాని వెనుక ఇల్లు, మధ్యలో తలవాకిలి, ముందు అరుగు: ఇదే మన మిశ్రమ వినియోగం. కాబట్టి పాతదా కొత్తదా అన్న దగ్గర ఆగిపోకుండా, కొత్త కట్టడం కింది అంతస్తు వీధితో ఎలా కలుస్తుందో అడగాలి. నా అనుభవంలో ఒక ప్రతిపాదన మంచిచెడ్డలలో ముప్పాతిక వంతు ఆ ఒక్క అంతస్తులోనే తేలిపోతుంది.

అనుమతి ఇచ్చేది ఎవరో మొదట తేల్చుకోండి

తిరుపతి నగరపాలక సంస్థ హద్దుల్లో ఒక దారి, గ్రామ పంచాయతీలో ఉండి తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనమంతా తుడా అని పిలిచే సంస్థ, పరిధిలోకి వచ్చే ఊళ్లలో మరొక దారి. శివారు ఊళ్ల హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి పాత పన్ను రశీదును చూసి నిర్ణయించుకోకూడదు. ఈ సంవత్సరం ఇంటి పన్ను ఎవరికి కట్టారో చూసి, ఆ కార్యాలయంలోని పట్టణ ప్రణాళిక విభాగంలో సర్వే నంబరు చెప్పి అడగాలి. తప్పు కార్యాలయంలో ఇచ్చిన మంచి అర్జీ కంటే సరైన కార్యాలయంలో ఇచ్చిన మామూలు అర్జీ మేలు.

అక్కడ అడగవలసినవి ఇవి: ఆ స్థలానికి మాస్టర్ ప్లానులో, అంటే ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడాలో నిర్ణయించే ప్రణాళికలో, ఏ వినియోగం రాసి ఉంది, దాన్ని మార్చమని ఎవరైనా దరఖాస్తు పెట్టారా, ముందున్న రోడ్డుకు మాస్టర్ ప్లానులో ఎంత వెడల్పు ప్రతిపాదించారు, కట్టడానికి దరఖాస్తు వచ్చి ఉంటే దాని సంఖ్య ఏమిటి. స్థల వినియోగం మార్చవలసి వస్తే ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు అడగడం ఆనవాయితీ. ఆ ప్రకటన పత్రికలో ఒక మూల చిన్న అక్షరాల్లో వస్తుంది. అందులోని గడువు చివరి తేదీని పెద్ద అక్షరాలతో రాసి అంగడి గోడకు అంటించుకోండి.

నోటిమాటగా అడిగితే కాగితాలు రాకపోవచ్చు. అప్పుడు సమాచార హక్కు చట్టం, 2005 కింద ఆ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. ఇవ్వకపోతే, లేదా ఇచ్చినది సరిపోకపోతే, మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దరఖాస్తులో 'ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి' అని రాస్తే పనికిరాని సమాధానం వస్తుంది. 'ఫలానా సర్వే నంబరులో ప్రతిపాదించిన కట్టడం స్థల నక్షా, కింది అంతస్తు నక్షా, పార్కింగు నక్షా, నిలువు కోత నక్షా నకళ్లు ఇవ్వగలరు' అని ఒక్కొక్కటి పేరు పెట్టి అడగాలి. నిలువు కోత నక్షా అంటే కట్టడాన్ని పై నుంచి కిందికి కోసినట్టు చూపి, ఎత్తులు చెప్పే నక్షా.

కింది అంతస్తు నక్షా

ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడుద్దాం, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

నక్షా చేతికి రాగానే ఉత్తర దిక్కు గుర్తు చూసి, కాగితాన్ని మీ వీధి ఉన్న వైపుకు తిప్పి పట్టుకోండి. తరువాత ఒక రంగు పెన్సిలుతో వీధి అంచు పొడవునా గీత గీస్తూ, ప్రతి అడుగులోనూ ఏముందో రాసుకోండి. ఒక ఉదాహరణ చెబుతాను. వరుసగా ఐదు పాత అంగళ్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 9 అడుగుల వెడల్పు. మొత్తం 45 అడుగుల ముఖం, ఐదు తలుపులు. కొత్త నక్షాలో అదే 45 అడుగుల్లో కార్లు దిగే ర్యాంపుకు 12 అడుగులు, పై అంతస్తులకు వెళ్లే లిఫ్టు వాకిలికి 6 అడుగులు, ట్రాన్స్‌ఫార్మరుకు 8 అడుగులు పోతే మిగిలేది 19 అడుగులు. అంటే రెండు అంగళ్లు. మిగతా మూడు ఎక్కడికి వెళ్లాయని వెతికితే లోపలి నడవాలోనో, మొదటి అంతస్తులోనో కనిపిస్తాయి. పసుపు, కుంకుమ, కర్పూరం, రాగి చెంబులు, కొయ్య బొమ్మలు అమ్మే అంగడి దారిన పోయే యాత్రికుడి కంటికి కనబడితేనే నడుస్తుంది. మొదటి అంతస్తుకు ఎక్కి చెంబు కొనేవారు ఉండరు. ఈ లెక్క వేసి చూపించినప్పుడు, అప్పటిదాకా ప్రాజెక్టును పొగిడిన అంగడిదారులు ఒక్కసారిగా మౌనంగా అయిపోవడం నేను చూశాను.

ర్యాంపును మరింత జాగ్రత్తగా చూడాలి. ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు దిగే వాలు అనుకుంటే, 10 అడుగుల లోతున్న సెల్లారుకు దిగడానికి 80 అడుగుల పొడవు కావాలి. నక్షాలో ఉన్న ర్యాంపు పొడవును కొలబద్ద పెట్టి కొలిచి, స్కేలు ప్రకారం అడుగుల్లోకి మార్చండి. అది 50 అడుగులే ఉంటే, వాలు మరీ ఎక్కువై ఆ ర్యాంపు మీద కార్లు దిగడం కష్టం. కార్లు దిగని సెల్లారు కొన్నాళ్లకు గోదాముగా మారుతుంది. అందులో నిలవవలసిన కార్లు వీధిలో నిలుస్తాయి. ఈ మూడు వాక్యాలనూ ఇదే వరుసలో అభ్యంతరంలో రాయవచ్చు.

సెల్లారు గురించి మరొక ప్రశ్న కూడా ఉంది. 2021 నవంబరు వానలకు తిరుమల కొండల నుంచి దిగిన నీళ్లు తిరుపతి వీధుల్లో ఎలా పారాయో, స్వర్ణముఖి ఎలా పొంగిందో ఇక్కడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మీ వీధిలో ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీద ఇంకా చార కనబడుతుంటే దాన్ని టేపుతో కొలిచి ఫోటో తీయండి. సెల్లారు నోరు ఆ చారకంటే ఎత్తున ఉందా, వాన నీరు బయటికి పోయే కాలువ ఏ వీధి కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఎంత వెడల్పు అని అడగాలి.

వీధి వైపు అరుగు ఉందా లేదా కూడా చూడండి. పాత అంగళ్ల ముందుండే అరుగు మీద ముసలివాళ్లు కూర్చుంటారు, పూలమ్మే ఆమె బుట్ట దించుకుంటుంది, వాన వస్తే యాత్రికులు చూరు కింద నిలబడతారు. కొత్త కట్టడంలో దాని స్థానంలో అద్దపు గోడ, దాని ముందు స్టీలు గొలుసు వస్తే ఆ వీధి నడిచేవాడికి పనికిరాకుండా పోతుంది. ముందు భాగంలో వదలవలసిన ఖాళీ స్థలాన్ని కార్లకు కాకుండా నడకకూ నీడకూ ఇమ్మని, కింది అంతస్తులో చూరు కట్టమని అడగడం న్యాయమైన కోరిక, పెద్ద ఖర్చు లేని కోరిక.

రోడ్డును మీరే కొలవండి

మన రాష్ట్ర భవన నిబంధనల్లో కట్టడం ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీలు చాలావరకు ముందున్న రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయమవుతాయి. అందుకే నక్షాలో రోడ్డు ఎంత వెడల్పు అని రాశారో అది ఎంతో ముఖ్యం. ఉన్న వెడల్పు ఒకటి, మాస్టర్ ప్లానులో ప్రతిపాదించిన వెడల్పు మరొకటి. ఈ రెండూ నక్షాలో వేర్వేరుగా ఉండాలి. ఒకసారి మేము ముగ్గురం తెల్లవారుజామున, అంగళ్లు తెరవకముందే, టేపు పట్టుకొని ఒక వీధిని మూడు చోట్ల కొలిచాము. ఒక చోట 31 అడుగులు, మధ్యలో 27, గుడి వైపు మలుపు దగ్గర 24. నక్షాలో మాత్రం వీధి పొడవునా 40 అడుగులని ఒకే అంకె రాసి ఉంది. ఆ 40 రేపు ఎప్పుడో రాబోయే వెడల్పు. ఎదురు వరుసలోని ఇళ్లు కూడా వెనక్కి జరిగితేనే వచ్చేది. అంతదాకా అగ్నిమాపక వాహనం ఆ 24 అడుగుల మలుపులోనే తిరగాలి.

కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకు కొలవాలి, మెట్లను, కాలువలను విడిగా రాసుకోవాలి, తేదీ వేయాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. రోడ్డు విస్తరణకు స్థలం ఇచ్చేవారికి డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తామంటే, అది మరొక చోట అదనంగా కట్టుకునే హక్కును ఇచ్చే కాగితం మాత్రమేనని, సొంతంగా వాడుకోలేనివారు దాన్ని కొనేవారిని వెతుక్కోవాలని గుర్తుపెట్టుకోండి. ఇచ్చే స్థలం ఎంతో సర్వేయరు చేత కొలిపించి, ఆ కొలత కాగితం మీద ఉన్న తరువాతే సంతకం పెట్టాలి.

వీధికి ఉత్సవం కూడా ఒక వినియోగమే

ఈ మాటను నక్షాలు గీసేవారు మరచిపోతారు, అందుకే మనం రాయాలి. తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాల ముగింపున పంచమీ తీర్థం రోజు పద్మ సరోవరం చుట్టూ జనం ఎలా నిండిపోతారో, వైశాఖంలో గోవిందరాజస్వామి తేరు ఎలా కదులుతుందో, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషాలు వేసుకొన్నవారు ఏ సందుల్లోంచి వస్తారో ఆ వీధివాసులకే తెలుసు. మొదటి అంతస్తు బాల్కనీలు, పేర్ల బోర్డులు, ఏసీ యంత్రాలు వీధి మీదికి ఎంత ముందుకు వస్తాయో నిలువు కోత నక్షాలో కొలిచి, ఉత్సవం నడిచే ఎత్తుకు, వెడల్పుకు అడ్డమైతే ఆ విషయం రాయండి. పని జరిగే రెండుమూడేళ్లలో ఆ రోజుల్లో ఇసుక, కంకర, ఇనుము వీధిలో ఉండకూడదని, తవ్విన గోతికి గట్టి కంచె ఉండాలని అనుమతి షరతుల్లో చేర్చమని తేదీలు, తిథులతో సహా అడగాలి.

నీళ్లు, మంటలు

లాడ్జి గదులు ఉన్న ప్రతిపాదనలో నీటి లెక్క తప్పకుండా అడగండి. హోటలుకు పడకకు రోజుకు 180 లీటర్లు, ఇళ్లకు మనిషికి 135 లీటర్లు అన్నది భారత ప్రమాణాల్లో వాడే లెక్క. రెండేసి పడకలున్న 40 గదులంటే రోజుకు 14,400 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు. కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ల మీద ఆధారపడిన ఊళ్లో ఎండాకాలం ఆ నీళ్లు ఎక్కడివి? బోరు అంటే, పక్కింటి బోరుకు ఎంత దూరంలో? ట్యాంకరు అంటే, అది వీధిలో ఎక్కడ ఆగుతుంది? జవాబు నక్షాలో ఉండాలి.

మంటల విషయం ఒకటే చెబుతాను. మన బజారులో కర్పూరం, నూనె, అగరువత్తులు, బట్టలు నిలవ ఉంటాయి. వాటి మీద కాపురాలు, గదుల్లో ఊరికి కొత్త యాత్రికులు ఉంటారు. ఇళ్లకు, లాడ్జికి, అంగళ్లకు మెట్లు వేర్వేరుగా ఉన్నాయా, ఆ మెట్లు నేరుగా వీధిలోకి దిగుతాయా లేక గోదాము పక్కగా దిగుతాయా అని చూడండి. నక్షాలో మెట్ల దారిని వేలితో పట్టుకొని పై అంతస్తు నుంచి బయటి వీధి దాకా నడవండి. మధ్యలో ఎక్కడైనా అంగడిలోంచి దూరవలసి వస్తే, అది రాయవలసిన మొదటి అభ్యంతరం.

బాడుగ అంగడిదారులకు

మన దగ్గర ముప్పై నలభై ఏళ్లుగా ఒకే అంగడిలో ఉంటూ, చేతిలో ఒక్క రిజిస్టరు కాగితం కూడా లేని వాళ్లు చాలామంది ఉన్నారు. నాన్నగారి కాలంలో ఇచ్చిన అడ్వాన్సు, నోటిమాట మీద నడిచిన బాడుగ, సొంతదారుతో అన్నదమ్ముల వంటి అనుబంధం. ఆ అనుబంధం నిజమైనదే. కాని స్థలం బిల్డరు చేతికి పోయిన రోజు ఆ అనుబంధానికి కాగితం మీద స్థానం ఉండదు. ఒక సంవత్సరానికి మించిన లీజు రిజిస్టరు చేయించి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. రిజిస్టరు కాని పాత స్టాంపు కాగితాన్ని కోర్టులో చూపి ఎక్కువ ఆశించలేము. అందుకని మీరు అక్కడ ఉన్నారనడానికి ఉన్న ఆధారాలన్నీ ఒక సంచిలో చేర్చండి: బాడుగ రశీదులు, బ్యాంకు ద్వారా కట్టిన బాడుగ వివరాలు, కరెంటు బిల్లులు, వ్యాపార లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషను, అంగడి పేరుతో వచ్చిన పాత ఉత్తరాలు, ప్రారంభోత్సవం నాటి ఫోటో. బాడుగను చేతికి ఇచ్చే అలవాటు ఉంటే ఈ నెల నుంచే బ్యాంకు ద్వారా కట్టండి. అద్దె చట్టం కింద మీకు ఏ రక్షణ ఉందో స్థానిక న్యాయవాదికి ఈ సంచి చూపించి అడగాలి, ఎందుకంటే అది మీ కాగితాలను బట్టి మారుతుంది.

'కొత్త బిల్డింగులో నీకు అంగడి ఇస్తాం లేన్నా' అన్న మాటకు విలువ రావాలంటే అది రాతలో, సొంతదారు, బిల్డరు ఇద్దరి సంతకాలతో, రిజిస్టరు అయి ఉండాలి. ఏ అంతస్తు, ఏ ముఖం, ముందు వెడల్పు ఎన్ని అడుగులు, లోతు ఎన్ని అడుగులు, కొత్త బాడుగ ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, పాత అడ్వాన్సు ఏమవుతుంది, పని జరిగేటంతకాలం వ్యాపారం ఎక్కడ, ఆ చోటు బాడుగ ఎవరు కడతారు, చెప్పిన తేదీకి అంగడి ఇవ్వకపోతే నెలకు ఎంత పరిహారం: ఇవన్నీ ఉండాలి. కొత్త నక్షాలో మీ అంగడికి సంఖ్య వేయించి, ఆ నక్షా నకలును ఒప్పందానికి జతపరచి, దాని మీద కూడా సంతకాలు తీసుకోండి.

విస్తీర్ణం దగ్గర మోసపోవడం చాలా తేలిక. మనం స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాము, నక్షా చదరపు మీటర్లలో ఉంటుంది, బిల్డరు చదరపు అడుగుల్లో మాట్లాడతాడు. ఇక్కడి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, దాదాపు 3.34 చదరపు మీటర్లు. మీ పాత అంగడి లోపలి కొలత ఐదు అంకణాలు, అంటే 180 చదరపు అడుగులు అనుకుందాం. కొత్తదానిలో కూడా 180 ఇస్తామని చెప్పి, అందులో 30 శాతం నడవాలకు, మెట్లకు, లిఫ్టుకు లెక్కగడితే మీరు కాలు పెట్టగలిగేది 126 చదరపు అడుగులే, అంటే మూడున్నర అంకణాలు. ఒప్పందంలో 'గోడల లోపలి కొలత' అన్న మాట తప్పకుండా రాయించండి.

వీధి వ్యాపారులకు

బండి మీద, బుట్టలో అమ్ముకునేవారిని నక్షాలో ఎవరూ గీయరు. కాని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారిని గుర్తిస్తుంది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారుల నుంచే రావాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న సహజమైన సంతను వారసత్వ సంతగా ప్రకటించి, అక్కడివారిని తరలించకూడదన్న మాట ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. గుడి దగ్గర మూడు తరాలుగా పూలమ్ముతున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. వీధి వ్యాపారుల సర్వేలో పేరు ఉందో లేదో, గుర్తింపు పత్రం ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. లేకపోతే కట్టడం మొదలయ్యేలోగా దానికి దరఖాస్తు చేయాలి.

రక్షిత కట్టడాలు, గుడి స్థలాలు

చంద్రగిరి కోట, శ్రీనివాసమంగాపురం గుడి వంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లకు దగ్గరగా ఉంటే నియమం గట్టిగా ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ తరువాతి 200 మీటర్లలో ముందుగా అనుమతి తీసుకోవాలి. కొలత గోపురం నుంచో, రాజమహల్ నుంచో కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. ఇలాంటి రక్షణ లేని పాత మిద్దెల విషయంలో చట్టం కంటే మన శ్రద్ధే దిక్కు: చెక్కిన వాకిళ్లు, రాతి స్తంభాలు, అరుగులు, చూరు కొయ్యలు ఫోటోలు తీసి, కొలతలు రాసి, వీధి వైపు ముఖాన్ని నిలిపి పై అంతస్తులను వెనక్కి జరిపి కట్టమని ప్రతిపాదించండి. పడగొట్టవద్దని మాత్రమే అనేవారి మాట కంటే, ఎలా నిలపవచ్చో చెప్పేవారి మాట ఎక్కువసార్లు వినబడింది.

మన పాత వీధుల్లో కొన్ని స్థలాలు గుళ్లవి, మఠాలవి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషిద్ధ జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని ఆస్తుల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందేమో, ఆ ఆస్తి లావాదేవీలను చూపే పత్రమైన ఈసీలో పాత లావాదేవీలు ఏమున్నాయో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోవడం అందరికీ మంచిది, కొనేవారికి మరీ మంచిది.

కొత్త కట్టడంలో అంగడి గాని ఫ్లాటు గాని కొనదలచినవారు రెరా, అంటే స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ, ఇచ్చిన నమోదు సంఖ్య అడగాలి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 150 అంకణాలు, మించిన స్థలంలో ఎనిమిది కంటే ఎక్కువ యూనిట్లు కట్టి అమ్మే ప్రాజెక్టు 2016 నాటి చట్టం కింద నమోదు కావాలి. అంగళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారులు ఇచ్చిన డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి.

అభ్యంతరం రాయడం

కొన్నేళ్ల కిందట మా వీధికి సంబంధించిన ఒక సమావేశంలో మేమంతా గట్టిగా మాట్లాడాము, అధికారులు తలలూపారు, టీ తాగి ఇంటికి వచ్చాము. నాలుగు నెలల తరువాత ఆ దస్త్రంలో చూస్తే 'అభ్యంతరాలు ఏవీ అందలేదు' అని రాసి ఉంది. అబద్ధమనడానికి లేదు, మేము ఒక్క కాగితం కూడా ఇవ్వలేదు. ఆ రోజు నుంచి నేను నోటిమాట మీద ఆధారపడడం మానుకున్నాను, మిమ్మల్ని కూడా మానుకోమని కోరుతున్నాను.

అభ్యంతరం ఒక పేజీ, మహా అయితే రెండు పేజీలు ఉండాలి. పైన దరఖాస్తు సంఖ్య, సర్వే నంబరు, మీరు ఆ వీధిలో ఎవరు, ఎన్నేళ్లుగా ఉన్నారు. తరువాత ఒక్కొక్క పేరాలో ఒక్కొక్క విషయం: ఏ నక్షాలో ఏముంది, వాస్తవంగా ఏముంది, మీరు కోరేది ఏమిటి. ఇలా రాయవచ్చు: 'స్థల నక్షాలో ముందు రోడ్డు వెడల్పు 40 అడుగులుగా చూపారు. ఫలానా తేదీన మేము కొలిచినప్పుడు మూడు చోట్ల వరుసగా 31, 27, 24 అడుగులు ఉంది. ఫోటోలు, సాక్షుల సంతకాలు జతపరిచాము. కావున ప్రస్తుత వెడల్పును కార్యాలయ సర్వేయరు చేత కొలిపించి, ఆ వెడల్పును బట్టి ఎత్తును, ఖాళీలను తిరిగి పరిశీలించవలసిందిగా కోరుతున్నాము.' కోపం, పుకారు, ఎవరి మీదైనా ఆరోపణ ఇందులో ఉండకూడదు. ఒకే ఉత్తరానికి వందమంది సంతకాలు పెట్టడం కంటే, ఎవరి అంగడి కొలత వారు రాసి పది వేర్వేరు అభ్యంతరాలు ఇవ్వడం బలంగా ఉంటుందని నా నమ్మకం.

కార్యాలయంలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే అదే రోజు రిజిస్టరు పోస్టులో పంపి రశీదు దాచుకోండి. కదలిక లేకపోతే సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ ముద్ర ఉన్న ప్రతిని జతపరచి అర్జీ ఇవ్వవచ్చు.

అనుమతి వచ్చిన తరువాత కూడా పని మిగిలే ఉంటుంది. పునాది తవ్వకముందే పక్క ఇళ్లవారు తమ గోడల్లో ఉన్న ప్రతి పగులును ఫోటో తీసి, పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసుకోవాలి. బంకమట్టితో, సున్నంతో కట్టిన పాత ఉమ్మడి గోడలు పక్కన లోతుగా తవ్వితే కదులుతాయి, ఆ గీత దాటి పగులు ఎంత పెరిగిందన్నదే తరువాత మీకు ఆధారం. మంజూరైన నక్షా నకలు ఒకటి తెచ్చి వీధిలో అందరికీ తెలిసిన అంగడిలో ఉంచండి. శ్లాబు పడేముందు ఒకసారి, గోడలు లేచిన తరువాత ఒకసారి, మళ్లీ అంగడి తాళం చేతికి తీసుకునే రోజు ఒకసారి టేపు పట్టుకొని వెళ్లి ముందు వెడల్పును, లోతును కొలవండి. నివాసయోగ్యతా పత్రం చూపించమని అడిగి, దాని నకలు చేతికి వచ్చిన తరువాతే లోపల అరలు బిగించండి.